పీయూష గ్రంథి: ముందు రక్త పరీక్ష, ఆపైన స్కానింగ్

సంతానం ఆలస్యమైతే మనం ముందుగా కోడలినే నిందిస్తాం. నెలసరి ఆగిపోయిందనీ, కాన్పు లేకుండానే పాలు వస్తున్నాయనీ ఆమె బిడియంతో ఎవరికీ చెప్పుకోదు. దీనికి మూలం కొన్నిసార్లు మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథిలో ఉంటుంది. ఈ లోపం పురుషులకూ రావచ్చు. కనుక దంపతులిరువురూ వైద్యుణ్ణి కలవాలి.

అయితే వెంటనే ఎమ్మారై స్కానింగ్‌కు పరుగెత్తనవసరం లేదు. గర్భం, థైరాయిడ్ లోపం, వాంతులకు వాడే డోంపెరిడోన్ వంటి మందులు కూడా ప్రొలాక్టిన్ హార్మోనును పెంచుతాయి. రక్త పరీక్షలతో ముందు వీటిని తేల్చుకోవాలి. ఆరోగ్యవంతులలోనూ సుమారు పదిమందిలో ఒకరికి ఈ గ్రంథిలో హాని చేయని చిన్న కణితి ఉండవచ్చు. తొందరపడి తీసిన స్కానింగ్ అనవసర భయాన్నే మిగుల్చుతుంది.

కారణం తెలియకుండా ప్రొలాక్టిన్ హెచ్చుగానే ఉన్నా, పక్క చూపు మందగించినా స్కానింగ్ తప్పనిసరి. ఇందులో ఎక్స్‌రే కిరణాలుండవు, అయస్కాంత శక్తితో చిత్రాలు తీస్తారు. పేస్‌మేకర్, లోహపు క్లిప్పులు, గర్భం, మూత్రపిండాల వ్యాధి ఉంటే ముందే తెలపాలి.

కణితి కనిపించినా కలత చెందరాదు. ఈ గ్రంథిలోని కణితులు దాదాపు అన్నీ క్యాన్సర్ కానివే. ప్రొలాక్టిన్‌ను పెంచే కణితులు చాలావరకు మాత్రలతోనే తగ్గుతాయి, సంతానయోగ్యత తిరిగి కలుగుతుంది.