భయం ఎవరి మీద?

అమెరికాలో 1975లో మొదలైన ‘వరల్డ్ ఫాంటసీ’ అవార్డులకు అతిమానుష, బీభత్స రచనలను పోటీలో నిలిపే పద్ధతి తెలుసుకోదగ్గది. ప్రతి విభాగంలోనూ రెండు పేర్లు మహాసభల సభ్యుల ఓట్లతో వస్తాయి. మిగిలినవి న్యాయనిర్ణేతలు చేరుస్తారు. పాఠకుడి అభిరుచికీ విమర్శకుడి వివేచనకూ ఒకే పట్టికలో చోటుందన్నమాట. మన దగ్గర 1980లలో యండమూరి ‘తులసిదళం’ను జనం ఎగబడి చదివారు, విమర్శ ‘క్షుద్ర సాహిత్యం’ అని ముద్ర వేసింది. ఆ ముద్రతో నాకు పేచీ లేదు. అది చాలదనే నా వాదన.

ఆ అవార్డు ప్రతిమ మొదట్లో లవ్‌క్రాఫ్ట్ అనే బీభత్స కథకుడి తల. 2011లో దాన్ని అందుకున్న నైజీరియా మూలాల అమెరికన్ రచయిత్రి ఎన్నెడి ఒకోరాఫోర్ ఆయన జాతిద్వేషాన్ని ఎత్తిచూపారు. వాదోపవాదాలు జరిగి, 2015లో ఆ తలను మానుకున్నారు. ఆయన భయం పరాయి జాతులమీదికి మళ్లేది.

మా నెల్లూరు తీరంలో ఈ ప్రశ్న యానాదుల దగ్గరికి వస్తుంది. పాము పట్టేవాడు, వేరుమందు తెలిసినవాడు, తెల్లదొరల కాలంలో ‘నేరస్థ జాతి’గా దస్త్రాలకెక్కినవాడు – మంత్రగాడి వేషానికి ఇంతకంటే చవగ్గా రచయితకు ఎవరు దొరుకుతారు? రాకెట్ కేంద్రం కోసం 1970 ప్రాంతంలో శ్రీహరికోట అడవి విడిచిన యానాది కుటుంబాల భయాన్ని మాత్రం నేనింకా ఏ బీభత్స నవలలోనూ చదవలేదు.