బడి చట్టం తెచ్చి సొంతవాళ్లకే దూరమైన గవర్నర్

జార్జ్ వుల్ఫ్ 1777లో పెన్సిల్వేనియాలో జర్మన్ సంతతి కుటుంబంలో పుట్టాడు. కొన్నాళ్లు పంతులుగా పనిచేసి, తర్వాత లాయరై, 1829లో ఆ రాష్ట్ర గవర్నరయ్యాడు. అమెరికాలో గవర్నరంటే ప్రజలు ఓటేసి ఎన్నుకునే పాలకుడు, మన ముఖ్యమంత్రి లాంటివాడు.

అప్పటికి అక్కడ అమల్లో ఉన్నది 1809 నాటి చట్టం. ఫీజు కట్టలేని పిల్లల చదువు ఖర్చు జిల్లా భరిస్తుంది. కానీ తల్లిదండ్రుల పేర్లు పేదల జాబితాకెక్కాలి. ఊరందరిముందూ బీదవాళ్లమనిపించుకోవడం ఇష్టంలేక చాలామంది పిల్లల్ని ఇంట్లోనే ఉంచేశారు. ఉచితమంటూనే అవమానపరిచే పద్ధతి అది.

1834 ఏప్రిల్ 1న వుల్ఫ్ కొత్త చట్టంపై సంతకం చేశాడు. పన్ను డబ్బుతో అందరి పిల్లలకూ ఒకే బడి. ఒప్పుకోవాలా వద్దా అన్నది ఏ ప్రాంతానికాప్రాంతమే తేల్చుకోవచ్చు; వద్దన్నచోటికి రాష్ట్ర నిధులు రావు.

ఎక్కువ వ్యతిరేకత వచ్చినవాటిలో జర్మన్ పల్లెలు ముఖ్యమైనవి. లూథరన్, రిఫార్మ్‌డ్ చర్చిల పక్కనే వాళ్లకు సొంత బడులున్నాయి, పాఠాలు జర్మన్‌లోనే. మా బడికి మేం ఖర్చుపెట్టుకుంటూ ఇంకో బడికి పన్నెందుకన్నది ఒక మాట. ఇంగ్లీషు బడికి పంపితే పిల్లలకు మన భాష మిగులుతుందా అన్నది రెండోది. ఈ రెండో భయాన్ని ఈ పేజీ చదివేవారికి వివరించనక్కర్లేదు.

చట్టం రద్దు చేయాలని సుమారు 32,000 మంది సంతకాలు పెట్టారు. 1835లో సెనేట్ రద్దుకు ఒప్పేసుకుంది కూడా. దిగువ సభలో దాన్ని ఆపింది థాడియస్ స్టీవెన్స్. రాజకీయంగా వుల్ఫ్‌కు ప్రత్యర్థే అయినా, ఏప్రిల్‌లో ఆయన చేసిన ప్రసంగం సభ మనసు మార్చింది.

చట్టం నిలిచింది, వుల్ఫ్ నిలవలేదు. ఆ ఏడాది ఎన్నికల్లో ఆయన పార్టీ చీలింది. ఒక వర్గం హెన్రీ మ్యూలెన్‌బర్గ్‌ను పోటీకి దించగా, జోసెఫ్ రిట్నర్ గెలిచాడు. వాళ్లిద్దరిదీ జర్మన్ మూలమే! అయితే రిట్నర్ బడుల్ని మూయలేదు, ఇంకా పెంచాడు. 1837లో జర్మన్‌లో బోధించే బడులకూ చట్టం చోటిచ్చింది. నా దృష్టిలో ఇది మూడేళ్ల ముందే జరగాల్సిన పని. తర్వాతి తరాల్లో బడుల్లో ఇంగ్లీషే మిగిలింది కాబట్టి ఆ తల్లిదండ్రుల భయాన్ని ఉత్తిదని కొట్టిపారేయలేం. పేదల జాబితా మాత్రం మళ్లీ రాలేదు.

వుల్ఫ్ 1840లో చనిపోయాడు. 1888లో ఆయన ఊరు ఈస్టన్‌లో బడిపిల్లలు చిల్లర పోగుచేసి ఆయన పేరిట ఒక రాతి ద్వారం కట్టించారు.