అడిగి గీసిన బొమ్మలు

రంజాన్ నెల వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక రకం ఫోటోలు మొదలవుతాయి. రేషన్ సంచి ఇస్తున్న పెద్దమనుషులు నలుగురు, దాన్ని అందుకుంటున్న ముసలమ్మ ఒకరు. ఇచ్చేవారంతా కెమెరా వైపు చూస్తుంటారు. ఆమె మాత్రం తల దించుకుని ఉంటుంది. ఫోటో తీయవచ్చా అని ఆమెను ఎవరైనా అడిగారా? అడిగినా, సంచి చేతికి రాకముందు వద్దని అనగలదా?

ఇలాంటి ఫోటో చూసినప్పుడల్లా నాకు జోర్డన్ కాస్టీల్ అనే అమెరికా చిత్రకారిణి పని చేసే తీరు గుర్తుకొస్తుంది. ఆమె 1989లో డెన్వర్ నగరంలో పుట్టిన నల్లజాతి మహిళ. 2014లో యేల్ విశ్వవిద్యాలయంలో చిత్రకళ చదువు ముగించి, 2015-16లో న్యూయార్క్‌లోని హార్లెమ్ స్టూడియో మ్యూజియంలో ఉండి బొమ్మలు గీసింది. హార్లెమ్ నల్లజాతి వారి చరిత్రకు పేరుపడ్డ పేట. అక్కడ ఆమె కళ్ళు పడింది పేరున్నవాళ్ళ మీద కాదు. ఫుట్‌పాత్ మీద సరుకు పరచుకున్నవారు, చిన్న హోటల్ నడిపేవారు, ఇరుగుపొరుగువారు, ఇలాంటివారే ఆమె బొమ్మల్లోకి వచ్చారు.

ఆమె పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. ముందు మనిషి దగ్గరకు వెళ్ళి పలకరిస్తుంది, అనుమతి అడుగుతుంది. ఒప్పుకుంటే వారు రోజూ ఉండే చోటే ఎన్నో ఫోటోలు తీసుకుంటుంది. తరువాత వాటిని ముందు పెట్టుకుని పెద్ద కాన్వాస్ మీద తైలవర్ణాలతో గీస్తుంది. ఆ బొమ్మల్లో మనిషి సాధారణంగా మన కళ్ళలోకి సూటిగా చూస్తాడు. ఒకసారి గీసి మరచిపోవడమూ లేదు. 2015లో బొమ్మ గీసిన ఒక వీధి వ్యాపారిని 2017లో భార్యతో కలిపి మళ్ళీ గీసింది.

2017లోనే ఆమె గీసిన 'ది బయె ఫాల్స్' మనకు మరీ దగ్గరిది. మ్యూజియం బయట తన చేతిపని వస్తువులు అమ్ముకునే ఒక మహిళ, ఆమె సోదరుడు అందులో ఉన్నారు. బయె ఫాల్ అంటే సెనెగల్ దేశపు మురీద్ సూఫీ తరీఖాలో ఒక శాఖ. షేఖ్ అహ్మదు బంబా (1853-1927) శిష్యుడు ఇబ్రహీమా ఫాల్ పేరు మీద ఏర్పడింది. కాయకష్టాన్నే సేవగా ఎంచడం వారి ప్రత్యేకత. 2019 డిసెంబరులో ఇదే బొమ్మను మన్‌హాటన్‌లోని హైలైన్ పార్కు పక్కన ఒక భవనం గోడంతా పెద్దదిగా చిత్రించారు. ఫుట్‌పాత్ మీద సరుకు అమ్ముకునే ఆమెను, ఆమె సోదరుణ్ణి నగరం తలెత్తి చూసింది.

రైలు ప్రయాణికులను కూడా ఆమె గీసింది. అక్కడ పలకరింపుకు, పరిచయానికి వీలుండదు. అందుకే కాబోలు, ఆ బొమ్మల్లో ముఖాలుండవు. ఒడిలో పెట్టుకున్న చేతులు మాత్రమే కనిపిస్తాయి.

మనిషి బొమ్మ గీయడం గురించి మన ఉలమాలలో అభిప్రాయ భేదాలున్నాయి. ఆ చర్చ వేరు. అయితే బొమ్మలు వద్దనేవారి జేబులోనూ ఇవాళ కెమెరా ఉంది. మసీదు మెట్ల మీది ఫకీరు, ఆసుపత్రి మంచం మీది బంధువు, మదరసాలోని యతీమ్ పిల్లవాడు, అందరూ క్షణంలో వందల ఫోన్లలోకి చేరిపోతున్నారు. ఎవరినీ అడిగినవారు లేరు.

పరుల ఇంట్లోకి సలాం చెప్పి, ఇజాజత్ తీసుకున్న తరువాతే అడుగుపెట్టాలని దివ్యఖుర్ఆన్‌లోని నూర్ సూరా మనకు నేర్పింది. తిరిగి వెళ్ళమంటే తిరిగి వెళ్ళాలనీ నేర్పింది. గుమ్మానికే ఇంత మర్యాద ఉంటే, మనిషి ముఖానికి ఎంత ఉండాలి?

వచ్చే రంజాన్‌లో లెక్క చూపడానికి ఫోటో కావాలంటే సంచులను తీయండి. మనుషులను తీయాలనుకుంటే ముందు అడగండి. సంచి చేతికి ఇచ్చిన తరువాత అడగండి, అప్పుడే ఆమె వద్దని అనగలుగుతుంది.