జమ ఎటు, ఖర్చు ఎటు? ఇంటినుండి నేర్చిన లెక్కల చదువు

మన చేనేత సంఘములలో చిట్టా, ఆవర్జా వ్రాయుట కొత్త పని కాదు. ఎవరికి ఎంత పట్టు ఇచ్చితిమి, చీర తెచ్చినపుడు ఎంత కూలి చెల్లించితిమి అన్నది మా పెద్దల నాటినుండి పుస్తకమున కెక్కుచునే యున్నది. అట్టిచో ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు ఆపి, ఇన్నేండ్లు కార్యదర్శి పని చేసి, నలుబది దాటిన పిమ్మట ఒక విశ్వవిద్యాలయము వారి ఆన్‌లైన్ అకౌంటింగు ప్రారంభ పాఠములలో ఏల చేరితిమని కొందరు సభ్యులు అడిగిరి. సిగ్గు విడిచి చెప్పవలెనన్న, ఒక యేడు లేని లాభమును పంచితిమి. అందువలన చేరితిమి.

జరిగినది ఇది. లెక్క సులువగుటకు గుండు అంకెలు చెప్పుచున్నాము. మార్చి 31 నాటికి అమ్ముడుపోని చీరలు 40. ఒక్కొక్క చీరకు పట్టు, జరీ, రంగులకు 3,000 రూపాయలు, కూలి 2,000, వెరసి 5,000 పడినది. అమ్మకపు ధర 6,500. మేము నిల్వను అమ్మకపు ధరకే కట్టి 2,60,000 అని వ్రాసితిమి. పడిన వెల చూచిన 2,00,000 మాత్రమే. నడిమి 60,000 బీరువాలోని చీరలలో ఉన్నది గాని పెట్టెలో లేదు. ఆ లాభమును నమ్మి, ఆడిటు కాకమునుపే ఉగాదికి బోనసు ఇచ్చివేసితిమి. వేసవిలో పట్టు కొనుటకు రొక్కము చాలలేదు. పడుగు లేక కొన్ని ఇండ్లలో మూడు వారములు మగ్గము మూగవోయినది. నాడు ఎవరును మమ్ము నిందింపలేదు. అదియే ఎక్కువ బాధ కలిగించినది.

మా దేవనహళ్ళి ప్రక్కన 2008 నుండి విమానములు దిగుచున్నవి గాని, లెక్కల బడికి మాత్రము బెంగళూరు బస్సే గతి. మగ్గము, సంఘము విడిచి ప్రతిదినము పోవుట మాకు పొసగునా? కనుక సెల్‌ఫోనులోనే, రాత్రి భోజనమైన పిదప, వీడియో పాఠములు వింటిమి. ఇంట తెలుగు, ఆఫీసులో కన్నడము, పాఠములో ఇంగ్లీషు. డిప్రీషియేషన్ అను మాట మూడు దినములు మింగుడుపడలేదు. 20,000 పెట్టి కొన్న జకార్డు పెట్టె పదేండ్లు పనిచేయుననుకొన్న, రొక్కము బయటికి పోకున్నను యేటికి 2,000 అరుగుదల వ్రాయవలెను, అంతే సంగతి. అచ్చు సడలుట, నాడె అరుగుట మనకు తెలియనివా?

అన్నిటికన్న తికమక పెట్టినవి డెబిట్, క్రెడిట్. మన వహిలో ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. రొక్కము వచ్చిన జమ. పాఠములోనో, రొక్కము వచ్చిన రొక్కపు ఖాతాకు డెబిట్ అనిరి, అదియు ఎడమవైపునే. క్రెడిట్ అనగా జమ గదా, ఇది తలక్రిందుగా నున్నదే అని రెండు వారములు వారితో మనసులోనే పోట్లాడితిమి. తుదకు తెలిసినది. షావుకారు 6,500 చెల్లించినపుడు మనము వ్రాయు జమ రొక్కమునకు కాదు, ఆ షావుకారు పేరునకు. ఇచ్చినవాని పద్దు అది. రొక్కము వైపు పద్దును మనము విడిగా వ్రాయము. సాయంకాలము పెట్టె లెక్కించి నిల్వ చూచుకొందుము. జంట పద్దుల పద్ధతిలో ఆ రెండవ పద్దును గూడ వ్రాయుదురు. ఇచ్చినవాడు క్రెడిట్, పుచ్చుకొన్న పెట్టె డెబిట్. తగవు తీరినది.

బ్యాంకు పాసు పుస్తకమును ఇట్లే చదువవలెను. మనము సొమ్ము కట్టిన బ్యాంకు వారు క్రెడిట్ అని వ్రాయుదురు. అది వారి పుస్తకము. వారు మనకు బాకీ. మన పుస్తకములో ఆ సొమ్మే బ్యాంకు ఖాతాకు డెబిట్. ఈ పద్ధతిని వెనీసు వర్తకులు వాడుచుండగా, లూకా పాచోలీ అను సన్యాసి 1494లో అచ్చు పుస్తకములో వివరించెను.

ఇక నిల్వ సంగతి. పడిన వెల, అమ్మిన రాగల వెల, ఈ రెంటిలో ఏది తక్కువో దానికే కట్టవలెను. మా 40 చీరలలో ఆరింటికి మడత వద్ద రంగు దిగినది; ఒక్కొక్కటి 4,000కు మించి పోదు. కనుక 34 చీరలకు 1,70,000, ఆరింటికి 24,000, మొత్తము 1,94,000. సభ్యుల ఇండ్లలోని పట్టు, మగ్గముపై సగము నేసిన చీర సంఘపు ఆస్తులే. పట్టు ఇచ్చిన దినముననే ఖర్చు క్రింద కొట్టివేయరాదు.

చేరగోరువారికి రెండు మాటలు. కేంద్ర ప్రభుత్వము 2017లో ప్రారంభించిన స్వయం వేదికలో పాఠములు ఉచితము; పరీక్ష వ్రాసి ధ్రువపత్రము పొందుటకే రుసుము. అందులో మేనేజిమెంటు పాఠములకు మన బెంగళూరు ఐ.ఐ.ఎం. సమన్వయకర్త. తెలుగునాటనున్న బంధువులు హైదరాబాదులో 1982లో వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయమును విచారింపవచ్చును. నేడది అంబేద్కరు పేరున నడచుచున్నది. ఇగ్నోతో జౌళి మంత్రిత్వశాఖ చేసికొన్న ఒప్పందమున చేనేత కుటుంబములలోని స్త్రీలకు, ఎస్.సి., ఎస్.టి. వారికి, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఫీజులో 75 శాతము శాఖ భరించునట్లు ఏర్పాటైనది. ఫీజు కట్టుటకు ముందే అడిగి తెలిసికొనుడు. కండెలు చుట్టుచు ఇంటి లెక్కలన్నియు నోటనే చెప్పు కోడండ్రు మన ఇండ్లలో ఎందరో కలరు. వారిని చేర్పింపుడు, మాకన్న వేగముగా నేర్తురు.

ఈ మార్చి 31న నిల్వను క్రొత్త పద్ధతిని కట్టితిమి. లాభము మునుపటికన్న బాగుగా తగ్గినది. మహాజన సభలో కొందరు గొణిగిరి, ఒకరు లేచిపోయిరి. ఉగాది బోనసు ఆడిటు అయిన పిదపనే యని తీర్మానము వ్రాసికొంటిమి. వైశాఖమున ఏ మగ్గమునకును పడుగు ఆగలేదు.