చెమట కనిపించని కొండదారి

మైపాడు సముద్రతీరంలో ప్రతి ఉదయం అయిదు కిలోమీటర్లు నడిచే అలవాటు మా పదిమందికీ ఉన్నది. ఇసుకలో నడిచేవారికి కొండ ఒక లెక్కా అన్న ధీమాతో, మాఘమాసం చివర ఒక ఆదివారం ఉదయగిరి దుర్గం ఎక్కడానికి బయలుదేరాము.

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా సుమారు నూరు కిలోమీటర్ల ప్రయాణం. కొండ ఎత్తు మూడు వేల అడుగుల పైమాటే. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి ప్రారంభించి, గజపతుల నుంచి ఈ దుర్గాన్ని గెలవడానికి 1514 దాకా వేచి ఉండవలసి వచ్చింది. ఎందుకో ఎక్కేవారి మోకాళ్ళకు తెలుస్తుంది. నిట్టనిలువు బండలు, ముళ్ళపొదలు, కాలికింద జారే రాళ్ళు. సంజీవని పర్వతపు ముక్క ఇక్కడ రాలిందని స్థానికుల నమ్మకం. అందుకని మాలో కొందరు మూలికలకు సంచులు కూడా తెచ్చుకున్నారు. నీళ్ళు మాత్రం తలకొక లీటరు!

రెండు గంటలు ఎక్కినా ఒంటిమీద చెమట లేదు. మైపాడులో పావుగంటకే చొక్కా తడిసిపోయే మాకు ఇదెంతో హాయిగా తోచింది. దారి చూపుతున్న మేకల కాపరి మాత్రం, "చెమట లేదని మురిసిపోబాకండి సామీ, గాలి తాగేస్తా ఉండాది" అన్నాడు. మేము నవ్వాము.

అతడు చెప్పినదే శాస్త్రం. తీరంలోని తేమగాలిలో చెమట ఆరక కారుతుంది, మనకు కనిపిస్తుంది. మెట్టప్రాంతపు పొడిగాలిలో పట్టినది పట్టినట్టే ఆరిపోతుంది. నీరూ ఉప్పూ శరీరాన్ని వీడిపోతున్నా తెలియదు.

పదకొండు గంటలకు మా బృందంలోని విశ్రాంత ఉపాధ్యాయులు ఒక బండమీద కూలబడ్డారు. తలనొప్పి, వికారం, పిక్కలు పట్టివేయడం. "మీరు పోయి పైన మసీదు చూసి రండి, నేనిక్కడే కూర్చుంటాను" అన్నారు. ఆ మాట విని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకిప్పటికీ గుండె జల్లుమంటుంది. ఆయనను నీడకు చేర్చి, కాళ్ళు ఎత్తుగా పెట్టి, తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ విసిరాము. కాపరి తన ప్లాస్టిక్ సీసాలోని ఉప్పు మజ్జిగ గుక్కగుక్కగా పట్టించాడు. ముప్పావుగంటకు గాని ఆయన తేరుకోలేదు.

వ్యాయామం అర్ధశక్తితో చేయాలనీ, అదీ శీతకాల వసంతాలలోననీ, తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించాలనీ అష్టాంగహృదయంలో వాగ్భటుడు చెప్పాడు. మేము ఋతువును పాటించాము గాని అర్ధశక్తిని పాటించలేదు. అర్ధశక్తికి నుదుట చెమట, నోరు ఎండడం గుర్తులంటారు. పొడికొండమీద మొదటి గుర్తు కనిపించదు కనుక, నోరు ఎండగానే ఆగవలసిందే. మూత్రం ముదురు పసుపుగా మారడం మరో హెచ్చరిక.

కొండకు వెళ్ళే పాఠకులు మనిషికి కనీసం మూడు లీటర్ల నీరు తీసుకువెళ్ళండి. అందులో ఒక లీటరులో చిన్న చెంచాతో తలకొట్టి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. నిమ్మరసం మీ ఇష్టం. పలుచని ఉప్పు మజ్జిగ కూడా మంచిదే. సుగంధిపాల షర్బతు ఇంటికి వచ్చాక రుచికి బాగుంటుంది గాని, ఉప్పు లోటును తీర్చదు. రక్తపోటు, మధుమేహం, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ముందుగా వైద్యుని అడగాలి.

మనిషి తడబడి మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. చిట్కాలతో కాలయాపన చేయరాదు. స్పృహ లేనివారి నోట ఏమీ పోయకుండా, ఒళ్ళు తడుపుతూ విసురుతూ 108కి కబురు చేయాలి.

మాస్టారుగారు ఇప్పుడు మళ్ళీ మైపాడులో మాతోనే నడుస్తున్నారు. కొండమీది మసీదు మాత్రం మాలో ఎవరమూ ఇంకా చూడలేదు.