తపతి అడుగున ఏముంది? జవాబు వెతికే కంప్యూటర్ మోడల్

నదీజలం పరీక్షలో శుభ్రంగా తేలినంత మాత్రాన నది శుభ్రపడినట్టు కాదు. పరిశ్రమల నుంచి వచ్చే విషపదార్థాలలో అనేకం నీటిలో కంటే అడుగున పేరుకున్న ఒండ్రులోనే ఎక్కువగా నిలుస్తాయి. సూరత్ మీదుగా అరేబియా సముద్రాన్ని చేరే తపతికి ఈ తేడా కీలకం.

1995లో సింగణ్‌పూర్ వద్ద నిర్మించిన ఆనకట్ట నదిని రెండుగా విడదీసింది. ఎగువన నిలిచే మంచినీరు నగర ప్రజల దాహం తీరుస్తుంది. దిగువన రోజుకు రెండుసార్లు సముద్రపు పోటు వస్తుంది. హజీరా పారిశ్రామిక ప్రాంతం ఉన్నది అటువైపే.

క్రోమియం, రాగి, సీసం వంటి లోహాలు సన్నని బంకమట్టి రేణువులను అంటిపెట్టుకుంటాయి. ప్రవాహం మందగిస్తే ఆ రేణువులు అడుగుకు చేరతాయి. బలమైన పోటు గానీ, 2006 ఆగస్టులో సూరత్‌ను ముంచెత్తినటువంటి వరద గానీ వస్తే తిరిగి పైకి లేస్తాయి. ఉప్పునీరు తగిలినప్పుడు కాడ్మియం వంటి లోహాలు మట్టిని వీడి నీటిలో కరుగుతాయి.

కంటికి కనిపించని ఈ రాకపోకలకు కంప్యూటర్ మోడల్ జమాఖర్చు రాస్తుంది. నదిని చిన్న చిన్న గళ్లుగా విభజించి, ప్రతి గడిలోకి ఎంత విషం వచ్చింది, ఎంత పోయింది, ఎంత అడుగుకు దిగింది, ఎంత పైకి లేచింది అని క్షణక్షణం లెక్కిస్తుంది. 1925లో అమెరికాలోని ఓహియో నది కోసం స్ట్రీటర్, ఫెల్ప్స్ రూపొందించిన ఆక్సిజన్ సమీకరణం ఈ విద్యకు తొలిమెట్టు.

సూరత్‌కు ఈ లెక్క ఇప్పుడు మరింత అవసరం. రుంఢ్, భాఠా మధ్య తలపెట్టిన బ్యారేజీ పోటును అడ్డగించి మంచినీటిని నిలుపుతుంది. నీరు నిలిచిన చోట ఒండ్రు పేరుకుంటుంది. పాత విషం అడుగునే ఉండిపోతుందా, తాగునీటిలోకి చేరుతుందా అన్నది ముందుగానే మోడల్‌లో పరీక్షించి చూడవచ్చు.

అయితే కొలిచిన వివరాలు సరైనవైతేనే లెక్క సరిపోతుంది. 2022 జనవరిలో సూరత్ శివారులోని సచిన్ పారిశ్రామిక వాడలో, ట్యాంకర్ నుంచి అక్రమంగా కాలువలోకి వదిలిన రసాయనం విషవాయువై ఆరుగురు కార్మికులను బలిగొంది. ఇటువంటి దొంగచాటు విడుదల ఏ రిజిస్టరులోనూ నమోదు కాదు. నమోదు కానిదాన్ని మోడల్ లెక్కించలేదు. అందుకే కాలువల వద్ద నిరంతర నిఘా, ఏటా వర్షాకాలానికి ముందూ తరువాతా ఒండ్రు పరీక్షలు, వాటి ఫలితాల బహిరంగ ప్రకటన తప్పనిసరి.