కాలేయం ముందు ఎవరికి?

"మేం ఆరు నెలల కిందటే పేరు రాయించాం. మొన్న వచ్చినవాళ్లకు ముందు ఎలా ఇచ్చారు?" కాలేయ మార్పిడి కోసం ఎదురుచూసే కుటుంబాలు తరచూ అడిగే ప్రశ్న ఇది. డబ్బో, సిఫారసో పనిచేసిందని అనుమానం కూడా వస్తుంది. కానీ ఈ జాబితా రేషన్ షాపు దగ్గరి క్యూ లాంటిది కాదు. ఆసుపత్రి క్యాజువాలిటీలో జ్వరంతో ముందుగా వచ్చినవారిని ఆపి, ప్రమాదంలో గాయపడి వచ్చినవారిని చూస్తారు కదా! ఇదీ అంతే.

మన రాష్ట్రంలో మరణానంతర అవయవదానాన్ని నిమ్స్ కేంద్రంగా 'జీవన్‌దాన్' పథకం నడిపిస్తోంది. ఇది 2013లో మొదలైంది. గుర్తింపు పొందిన ఆసుపత్రి ద్వారా రోగి పేరు నమోదు చేయించాలి. దాత దొరికినప్పుడు రక్తం గ్రూపు, కాలేయం పరిమాణం రోగికి సరిపోవాలి.

జబ్బు తీవ్రతను కొలవడానికి అనేక దేశాల వైద్యులు 'మెల్డ్' స్కోరు వాడతారు. ఇందులో ముఖ్యమైనవి మూడు రక్తపరీక్షలు. బిలిరుబిన్ కామెర్ల తీవ్రతను, క్రియాటినిన్ మూత్రపిండాల స్థితిని, ఐఎన్‌ఆర్ రక్తం గడ్డకట్టే తీరును చెబుతాయి. స్కోరు 6 నుంచి 40 వరకు ఉంటుంది. ఎంత ఎక్కువైతే రాబోయే మూడు నెలల్లో ప్రాణాపాయం అంత ఎక్కువ. ఈ లెక్కలో ఆస్తికి, హోదాకు చోటు లేదు.

అయితే ఈ కొలతకూ లోపాలున్నాయి. కాలేయ క్యాన్సర్ రోగికి స్కోరు తక్కువగా ఉన్నా ప్రమాదం ఎక్కువే ఉండొచ్చు. స్త్రీలకు కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ తక్కువగా కనిపించి, వారి జబ్బు అసలుకన్నా చిన్నదిగా తేలేది. దీన్ని సరిదిద్దిన కొత్త లెక్కను అమెరికా 2023లో అమలులోకి తెచ్చింది.

అసలు అన్యాయం జాబితాలో పేరే ఎక్కనివారికి జరుగుతుంది. ఖర్చుకు భయపడి పేదలు పెద్దాసుపత్రి గడప తొక్కరు. ఉస్మానియా ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద కాలేయ మార్పిడి చేస్తున్నారని ఇరుగుపొరుగుకు చెప్పండి. పేరు నమోదైనవారు డాక్టరు చెప్పిన గడువులో రక్తపరీక్షలు మళ్లీ చేయించుకోవాలి. పాత రిపోర్టు నేటి ప్రమాదాన్ని చూపదు.

ఎంత న్యాయంగా పంచినా, పంచడానికి కాలేయం ఉండాలి. అవయవదానం ధర్మసమ్మతమేనా అని మనవారు అడుగుతుంటారు. జెద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1988లో షరతులతో దీన్ని అనుమతించింది, అవయవాల అమ్మకాన్ని నిషేధించింది. 1994 నాటి మన చట్టం ప్రకారం కూడా అమ్మకం నేరమే. మీకు నమ్మకమున్న ఆలిమ్‌ను అడగండి, ఇంట్లో మాట్లాడుకోండి. ఆపద వేళ ఆసుపత్రి వరండాలో తేల్చుకోవాల్సిన విషయం కాదిది.